ఆదిలోని హంసపాదు

మొదలుపెట్టిన పని మొదట్లోనే అడ్డం తిరిగితే "ఆదిలోనే హంసపాదు" అంటాం. ఆ మాట వాడేవాళ్లలో చాలామంది హంసపాదును కంటితో చూసి ఉండరు. అది రాయసగాళ్ల గుర్తు. తాటాకు మీద ఘంటంతో గీసిన అక్షరం చెరిపితే పోదు. అందుకే మాట జారిపోయిన చోట, రెండు అక్షరాల నడుమ, హంస కాలి ముద్రలాంటి చిన్న గుర్తు పెట్టి, జారిన మాటను అంచున రాసేవారు. చదివేవాడు ఆ గుర్తు దగ్గర ఆగి, అంచుకు వెళ్లి, మాట తెచ్చుకుని, మళ్లీ పంక్తిలో కలిసేవాడు. మొదటి పంక్తిలోనే ఆ గుర్తు పడితే రాసినవాడికి చిన్నతనం. సామెత ఆ చిన్నతనాన్ని పట్టుకుంది. ఆ గుర్తులో ఉన్న నిజాయితీని వదిలేసింది.

ఆ వదిలేసిన నిజాయితీ గురించే ఈ వ్యాసం. మనిషికి దక్కే మొట్టమొదటి కాగితం జనన ధ్రువపత్రం. అందులో తండ్రి పేరో, తండ్రి పుట్టిన ఊరో తప్పు పడితే అంతకు మించిన ఆది హంసపాదు ఉండదు. బిడ్డ పుట్టింది పరాయి దేశంలో అయితే ఇంట్లో కంగారు రెట్టింపవుతుంది. ఆ తప్పును దిద్దే పద్ధతిని దగ్గరగా చూసినకొద్దీ నాకు గౌరవం పెరిగింది. ఎంతో నేర్పుగా చేసిన పని అది. దాన్ని పాఠకులకు పరిచయం చేయాలని నా కోరిక.

ఒక తండ్రిని అనుకుందాం. పేరెందుకు, చోడవరం తండ్రి అంటే చాలు. శారదా నది నీటితో చెరకు పండే నేల, గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి బళ్లు కట్టిన రైతుల ఊరు, స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ఉన్న ఊరు అతనిది. చదువుకుని ఇంగ్లండులో ఉద్యోగానికి వెళ్లాడు. అక్కడే బిడ్డ పుట్టింది. అక్కడి చట్టం ప్రకారం 42 రోజుల్లోగా పుట్టుక నమోదు చేయించాలి. మన దగ్గర ఆ గడువు 21 రోజులు. రిజిస్ట్రారు ముందు కూర్చుని, నిద్ర లేని కళ్లతో, అడిగినవన్నీ చెప్పాడు.

ఇంగ్లండు జనన నమోదులో 17 గడులుంటాయి. మొదటి మూడూ బిడ్డవి: పుట్టిన తేదీ, చోటు, పేరు, ఆడో మగో. తర్వాతి మూడూ తండ్రివి: నాలుగో గడిలో పేరు, ఇంటిపేరు, అయిదో గడిలో పుట్టిన ఊరు, ఆరో గడిలో వృత్తి. ఆ పైన తల్లి వివరాలు, సమాచారం ఇచ్చినవారి వివరాలు, సంతకాలు, తేదీ. చిట్టచివరి పదిహేడో గడి నమోదు తర్వాత పెట్టిన పేరు కోసం. బారసాల ఆలస్యమయ్యే ఇళ్లు ఇంగ్లండులోనూ ఉంటాయని ఆ గడి గీసినవాళ్లకు తెలుసు.

మన కథ నాలుగో గడిలో మొదలవుతుంది. ఉత్తరాంధ్రలో సింహాద్రి అప్పన్న పేరు లేని ఇల్లు అరుదు. అప్పన్న, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, అందరూ ఆ కొండ మీద దేవుడి బిడ్డలే. అనకాపల్లి నూకాలమ్మను తలచుకుని నూకరాజు, నూకరత్నం అని పెట్టుకుంటారు. అప్పలనాయుడు అనే పేరు పదో తరగతి సర్టిఫికెట్లో ఒకే మాటగా ఉంటుంది. పాస్‌పోర్టులో రెండు మాటలుగా విడిపోయి ఉండవచ్చు. అసలు ఇంటిపేరు ముందుంటుంది, లేదా ఒక్క పొడి అక్షరంగా కుదించుకుపోతుంది. ఇంగ్లండు రిజిస్ట్రారు చెవికి చివర వినిపించిన మాటే ఇంటిపేరు. అక్కడి ఆనవాయితీ ప్రకారం ఇంటిపేరును పెద్ద అక్షరాల్లో కొడతారు. అలా 'నాయుడు' పెద్ద అక్షరాల్లో ఇంటిపేరై కూర్చుంది. తరతరాల ఇంటిపేరు మధ్యలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఒదిగిపోయింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అజాగ్రత్త కూడా పెద్దగా లేదు. పేరును రెండు జాతులు రెండు దిక్కుల నుంచి చదువుతాయి, అంతే.

అయిదో గడిలో మరో చిక్కు. చోడవరం ఒక్కటే కాదు. తూర్పు కనుమల్లో గోదావరి వైపు రంపచోడవరం ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే ముందు ఏది కనపడితే అది పడిపోయే ప్రమాదం ఉంది. చెరకు తోటల మధ్య పుట్టినవాడు కాగితం మీద మన్యంలో పుట్టినవాడవుతాడు.

ఇంత చిన్న తేడాకు ఎందుకంత ఆరాటమని అడిగేవాళ్లుంటారు. 1983 జనవరి 1 నుంచి, తల్లిదండ్రుల్లో కనీసం ఒకరైనా బ్రిటిష్ పౌరులో, అక్కడ స్థిరనివాస హక్కు ఉన్నవాళ్లో అయితే తప్ప, ఇంగ్లండులో పుట్టినంత మాత్రాన బిడ్డకు ఆ పౌరసత్వం రాదు. ఉద్యోగ వీసా మీద వెళ్లిన చోడవరం తండ్రి బిడ్డ భారత పౌరురాలు కావాలి. మన పౌరసత్వ చట్టం 4వ సెక్షన్‌కు 2004 డిసెంబరు 3 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం, విదేశంలో పుట్టిన బిడ్డ పుట్టుకను ఏడాదిలోపు భారత కాన్సులేటులో నమోదు చేయించాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. అక్కడ చూపించవలసింది తల్లిదండ్రుల వివరాలున్న పూర్తి ధ్రువపత్రం. పొట్టి ధ్రువపత్రంలో బిడ్డ వివరాలే తప్ప తల్లిదండ్రుల ఊసు ఉండదు. పూర్తి పత్రంలో తండ్రి ఇంటిపేరు ఒకలా, తండ్రి పాస్‌పోర్టులో మరోలా ఉంటే బల్లకు అవతల కూర్చున్న అధికారికి ఇద్దరు మనుషులు కనపడతారు. ఆ ఇద్దరూ ఒక్కడేనని రుజువు చేసే భారం తండ్రి మీద పడుతుంది.

ఇప్పుడు పనితనం దగ్గరికి వద్దాం. ముందుగా ఒక సంగతి గ్రహించాలి. మన చేతిలో ఉండే సర్టిఫికెట్ ఒక నకలు మాత్రమే. అసలు రిజిస్టరులో ఉంటుంది. చిన్నప్పుడు నోటుబుక్కులో తప్పు రాస్తే రబ్బరు పెట్టి చెరిపాం కాబట్టి కాగితం దిద్దించుకోవాలంటే చేతిలో ఉన్నదాన్ని దిద్దడమే అనుకుంటాం. నమోదు చట్టం చేతిలోని కాగితాన్ని ముట్టుకోదు. మూలానికి వెళుతుంది. మూలం సరైతే నకళ్లన్నీ వాటంతట అవే సరవుతాయి.

మూలాన్ని ఎలా సరిచేయాలో మన 1969 జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షను ఒకే ఒక్క వాక్యంలో చెబుతుంది. ఆ వాక్యాన్ని తెలుగులో విడదీసి చూపిస్తాను. ఒక నమోదు రూపంలో గానీ సారంలో గానీ తప్పని రిజిస్ట్రారుకు నమ్మకం కలిగేలా రుజువైతే, రిజిస్ట్రారు ఆ తప్పును అంచులో తగిన రాతతో సరిచేయవచ్చు. అసలు రాతను ఏమాత్రం మార్చకూడదు. అంచున రాసినదాని కింద సంతకం పెట్టాలి. సరిచేసిన తేదీ వేయాలి. అంతే. మంచి వడ్రంగి మేకు కొట్టకుండా చెక్కలో చెక్క దిగేసి బిగించినట్టు నాలుగు ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. ఏ ఒక్కటి లాగేసినా మొత్తం కూలిపోతుంది.

మొదటి ముక్క, అంచు. దిద్దుబాటుకు అంచే ఎందుకు? రిజిస్టరులో గడులన్నీ అప్పటి మాటలకు కేటాయించినవి. ఆ రోజు ఎవరు వచ్చారు, ఏం చెప్పారు, ఎవరు రాశారు అన్నది ఆ గడుల్లో ఉంటుంది. ఆ తర్వాత తెలిసిన నిజానికి ఆ గడుల్లో చోటివ్వకూడదు, ఎందుకంటే ఆ రోజు అది ఎవరూ చెప్పలేదు. అలాగని ఆ నిజాన్ని పుస్తకం బయట ఉంచినా చదివేవాడికి అందదు. గడికి బయట, పుటకు లోపల ఉన్న చోటు అంచొక్కటే. పంక్తిలో చోటు లేని మాటకు రాయసగాడు చూపించిన చోటూ అదే.

రెండో ముక్క, అసలు రాతను మార్చకపోవడం. ఇదే ఈ వాక్యానికి వెన్నెముక. తప్పును కొట్టేస్తే, కొట్టేసినవాడు ఎవరో, ఎందుకు కొట్టేశాడో తెలియదు. చెరిపేస్తే అక్కడ ఏదో ఒకటి ఉండేదన్న సంగతే మాయమవుతుంది. ఒకసారి చెరపడానికి అనుమతి ఉన్న పుస్తకంలో ఏ అక్షరాన్నీ నమ్మలేం. తప్పును అలాగే ఉంచడం వల్ల ఆ పుస్తకంలోని మిగతా రాతలన్నింటికీ విశ్వాసం వస్తుంది. మన పుటలో ఒక తప్పు కనపడుతుంది కాబట్టే పక్క పుటలో ఏ తప్పూ దాచలేదని తెలుస్తుంది.

మూడోది సంతకం, నాలుగోది తేదీ. సంతకం బాధ్యతను ఒక మనిషికి కట్టేస్తుంది. తేదీ వల్ల రెండు కాలాలు ఒకే పుటలో నిలుస్తాయి: తప్పు రాసిన రోజు, తప్పు తెలిసిన రోజు. ఆ రెండు తేదీల మధ్య దూరం కూడా ఒక సాక్ష్యమే. బిడ్డ ఆరు నెలలప్పుడు పాస్‌పోర్టు కోసం బయలుదేరినప్పుడు బయటపడిన తప్పుకు ఒక అర్థం ఉంటుంది. ముప్పై ఏళ్ల తర్వాత ఆస్తి తగాదా నడుమ బయటపడిన తప్పుకు వేరే అర్థం ఉంటుంది. తేదీ చూస్తే చదివేవాడికి ఆ తేడా దానంతట అదే తెలుస్తుంది.

ఈ వాక్యం మనం కొత్తగా చెక్కింది కాదు. ఇంగ్లండులో పుట్టుకల నమోదు 1837 జూలై 1న మొదలైంది. దానికి పునాది వేసిన 1836 చట్టంలోనే ఈ నాలుగు ముక్కలూ ఉన్నాయి: అంచులో రాయి, అసలును మార్చకు, సంతకం చెయ్యి, తేదీ వెయ్యి. సరిగ్గా యాభై ఏళ్లకు, 1886లో, భారతదేశపు జనన మరణ వివాహ నమోదు చట్టంలోకి అదే వాక్యం ఓడెక్కి వచ్చింది. చోడవరం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ, విశాఖపట్నం జిల్లా. ఆ ప్రెసిడెన్సీకి 1899లో సొంత నమోదు చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత దేశమంతటికీ ఒకే చట్టం కావాలని 1969లో కొత్తది రాసినప్పుడు మనవాళ్లు ఎన్నో మార్చారు. ఈ వాక్యాన్ని దాదాపుగా ఉన్నదున్నట్టు ఉంచుకున్నారు. ఇంగ్లండులో ఇప్పుడు నడుస్తున్న 1953 చట్టం 29వ సెక్షనులోనూ అదే వాక్యం. అంటే చోడవరంలో పుట్టిన బిడ్డ తండ్రి పేరు దిద్దినా, చోడవరం తండ్రికి ఇంగ్లండులో పుట్టిన బిడ్డ పుటలో దిద్దినా, చెయ్యి కదిలే తీరు ఒక్కటే. పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే వంట వండుకున్నట్టు ఉంటుంది ఈ సంగతి నాకు.

రుజువు ఎలా చేయాలన్నదీ అంతే పదునుగా చెప్పారు. ఇంగ్లండు చట్టం ఒక ప్రమాణ పూర్వక ప్రకటన అడుగుతుంది. అందులో రెండే విషయాలుండాలి: తప్పు ఏ రకందో, అసలు నిజం ఏమిటో. దాన్ని చేయవలసింది ఇద్దరు. పుట్టుక గురించి సమాచారం ఇవ్వడానికి అర్హులైనవాళ్లు, అంటే మొదట తల్లీ తండ్రీ. అలాంటివాళ్లు లేకపోతే సంగతి తెలిసిన, నమ్మదగిన ఇద్దరు మనుషులు. మన రాష్ట్రంలో 1999 నాటి నమోదు నియమాలు కూడా సారంలో తప్పు దిద్దాలంటే ఇదే అడుగుతాయి: తప్పు స్వభావాన్నీ, వాస్తవాన్నీ తెలుపుతూ, సంగతి తెలిసిన ఇద్దరు నమ్మదగిన వ్యక్తులు ఇచ్చే ప్రకటన. పెద్ద హోదా ఉన్నవాళ్లని అనలేదు, గెజిటెడ్ అధికారులని అనలేదు. సంగతి తెలిసి ఉండాలి, నమ్మదగినవాళ్లయి ఉండాలి. పల్లెలో ఏ తగువుకైనా పెద్దమనుషులు అడిగేది కూడా ఇదేగా: చూసినవాళ్లెవరు, వాళ్ల మాట నిలబడుతుందా?

"తప్పు ఏ రకందో చెప్పు" అన్న షరతు నన్ను మరీ ఆకట్టుకుంది. నిజం చెబితే చాలదు. తప్పును కూడా సరిగ్గా చెప్పాలి. చాలామంది దరఖాస్తుల్లో ఇక్కడే జారిపోతారు. "నా పేరు తప్పు పడింది, సరిచేయగలరు" అని రాస్తారు. ఏ గడిలో, ఏ అక్షరం, ఎలా పడింది, ఎలా ఉండాలి అన్నది ఉండదు. తప్పును ఉన్నది ఉన్నట్టుగా, ఆ తప్పు స్పెల్లింగుతో సహా రాస్తేనే దాని పక్కన నిలబెట్టిన ఒప్పుకు ఆకారం వస్తుంది.

ఈ విద్య చోడవరానికి కొత్త కాదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులు ఉన్న ప్రతి ఊళ్లోనూ ఉన్నట్టే ఇక్కడా దస్తావేజు లేఖరులు ఉంటారు. భూమి కాగితంలో సర్వే నంబరో, తండ్రి పేరో తప్పు పడితే వాళ్లు పాత దస్తావేజు ముట్టుకోరు. సవరణ దస్తావేజు రాస్తారు. ఫలానా సంవత్సరం, ఫలానా నంబరు దస్తావేజులో ఫలానా చోట ఇలా పొరపాటున రాయబడినది, దానిని ఇలా చదువుకొనవలెను, అని ఉంటుంది అందులో. 'మార్చవలెను' అని ఉండదు, 'చదువుకొనవలెను' అని ఉంటుంది. పాత కాగితం తన చోట తాను ఉంటుంది. చదివేవాడి కన్ను మాత్రం దిద్దుకుంటుంది. రాసేటప్పుడే చెయ్యి జారితే ఏం చేయాలో కూడా 1908 రిజిస్ట్రేషను చట్టం 20వ సెక్షను చెప్పింది: కొట్టివేత ఉన్నా, పంక్తుల మధ్య మాట ఇరికించినా, దస్తావేజు రాసి ఇచ్చినవారు అక్కడ సంతకమో పొడి సంతకమో పెట్టాలి. లేకపోతే రిజిస్టరు చేయడానికి అధికారి నిరాకరించవచ్చు. హంసపాదు పక్కన సంతకం పెట్టించిన చట్టం అది.

విదేశంలో ఉన్న తండ్రి పేరు గురించి ఇక్కడ రాయించవలసి వచ్చేది సాధారణంగా ఇద్దరు కాదు, ఒకే మనిషి అని చెప్పే అఫిడవిట్. జనం నోట 'వన్ అండ్ ద సేమ్' అఫిడవిట్. పదో తరగతి సర్టిఫికెట్లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా పేరు ఉన్నప్పుడు ఆ రెండింటి మధ్య వంతెన ఇదే. ఇది బాగా రాసినదో కాదో చెప్పడానికి నా దగ్గర ఒక కొలబద్ద ఉంది. భూమి రాసేటప్పుడు లేఖరి నాలుగు హద్దులు చెబుతాడు: తూర్పున ఎవరి పొలం, దక్షిణాన కాలువ, పడమర దారి, ఉత్తరాన ఎవరి తోట. హద్దులు సరిగా ఉంటే విస్తీర్ణంలో ఒక సెంటు తేడా వచ్చినా ఏ నేల గురించి మాట్లాడుతున్నామో అనుమానం రాదు. మనిషికీ అంతే. తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఈ నాలుగూ మనిషికి హద్దులు. వాటిని ముందు గట్టిగా పాతి, ఆ తర్వాత పేరులోని తేడా చెప్పాలి. అప్పుడు 'అప్పలనాయుడు' ఒక మాటగా రాసినా, రెండు మాటలుగా రాసినా, 'నాయుడు' పెద్ద అక్షరాల్లో పడినా, ఆ నాలుగు హద్దుల మధ్య ఉన్నది ఒక్కడేనని కాగితమే చెబుతుంది.

బాగా రాసిన అఫిడవిట్లో వరస కూడా ఒక అందం. నేనెవరిని, నాకీ సంగతి ఎలా తెలుసు, కాగితంలో ఏముంది, నిజమేమిటి, తేడా ఎందుకు వచ్చింది, దానికి ఆధారాలేమిటి, నేను కోరేదేమిటి. ఒక్కో పేరాకు ఒక్కో నంబరు, ఒక్కో పేరాలో ఒక్కో సంగతి. నిందలుండవు, నిట్టూర్పులుండవు. "ఆ ఉద్యోగి అజాగ్రత్త వల్ల" అన్న మాట అక్కర్లేదు. "ఇంటిపేరు ముందు రాసే మా ఆచారం వల్ల" అంటే చాలు. కారణం చెప్పినప్పుడు ఎదుటి అధికారికి దిద్దడం తేలికవుతుంది. నింద వేసినప్పుడు అదే అధికారి వెనక్కి తగ్గుతాడు. ఇది మర్యాదే కాదు, పనితనంలో భాగం.

తప్పుకూ మార్పుకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఈ పనిలో అన్నింటికన్నా సున్నితమైన చోటు. ఇంగ్లండు పద్ధతి ఈ విషయంలో ఖచ్చితంగా ఉంటుంది: నమోదు చేసిన రోజున తప్పుగా ఉన్నదే దిద్దుతారు, ఆ తర్వాత మారిన దాన్ని దిద్దరు. తండ్రి తర్వాత ఉద్యోగం మారాడని ఆరో గడిలో వృత్తి మార్చరు. తండ్రి తర్వాత పేరు మార్చుకున్నాడని నాలుగో గడి మార్చరు. అందుకే ఆధారాలు కూడా నమోదు జరిగిన కాలానికి చెందినవే అడుగుతారు. ఆ రోజుల్లో చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, ఆ రోజుల నాటి ఆఫీసు ఉత్తరం. నిన్న తీసుకున్న కాగితం ఆనాటి నిజాన్ని చెప్పలేదు.

ఈ గీత చోడవరం వాళ్లకు చాలా దగ్గరి సంగతి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు పుట్టినవాళ్ల కాగితాల్లో 'చోడవరం, విశాఖపట్నం జిల్లా' అని ఉంటుంది. కొత్తగా తీసుకున్న కాగితాల్లో అనకాపల్లి జిల్లా అని ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన చూసి కంగారుపడి, పాతదాన్ని 'తప్పు' అని దరఖాస్తు పెట్టాలనుకునేవాళ్లుంటారు. అది తప్పు కాదు. ఆ మనిషి పుట్టిన రోజున ఆ ఊరు ఆ జిల్లాలోనే ఉంది. ఊరు కదలలేదు, గీత కదిలింది. దానికి దిద్దుబాటు అక్కర్లేదు. అడిగినప్పుడు చూపడానికి ఒక వివరణ చాలు. చోడవరం బదులు రంపచోడవరం అని పడితే మాత్రం అది తప్పే, దిద్దించాల్సిందే. తప్పేదో, మార్పేదో తేల్చుకోగలిగినవాడే ఈ పనిలో నేర్పరి.

తప్పు అంచుకు లొంగనంత పెద్దదైన సందర్భాలూ ఉన్నాయి. తండ్రి గడిలో వేరే మనిషి పేరే ఉంటే అది అక్షర దోషం కాదు, సంబంధానికి చెందిన ప్రశ్న. అక్కడ ఇంగ్లండులో డీఎన్ఏ పరీక్ష ఫలితమో, కోర్టు ఆదేశమో అడుగుతారు. పుట్టిన తర్వాత తల్లిదండ్రులు పెళ్లి చేసుకుంటే కొత్తగా తిరిగి నమోదు చేసే దారి వేరే ఉంది. ఏ రోగానికి ఏ పనిముట్టో విడివిడిగా పెట్టుకోవడం కూడా మంచి వైద్యుడి లక్షణమే.

అమెరికాలో పుట్టుకల నమోదు రాష్ట్రాల చేతిలో ఉంటుంది కాబట్టి పద్ధతులు వేరువేరు. కాలిఫోర్నియాలో దిద్దుబాటు అఫిడవిట్ అసలు పత్రానికి రెండో పుటగా చేరిపోతుంది. ఆ తర్వాత తీసుకున్న నకలులో రెండు పుటలూ ఉంటాయి. అంచు చాలక పుట తెచ్చుకున్నారు, సూత్రం మాత్రం అదే. దిద్దిన కాగితం మరో దేశంలో చెల్లడానికి వేసే అపోస్టిల్ ముద్ర గురించీ ఇక్కడే ఒక మాట. 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం వేసే ఆ ముద్రను మన దేశం 2005 నుంచి గుర్తిస్తోంది. అది సంతకమూ ముద్రా అసలువేనని చెబుతుంది తప్ప లోపల రాసింది నిజమని చెప్పదు. తప్పు పేరు మీద అపోస్టిల్ వేయిస్తే తప్పుకు ముద్ర పడినట్టే. ముందు మూలం దిద్దించుకుని, ఆ తర్వాతే ముద్రకు వెళ్లాలి.

ఇంగ్లండులో దిద్దుబాటు పూర్తయ్యాక తీసుకున్న పూర్తి ధ్రువపత్రంలో తప్పూ ఉంటుంది, అంచున దిద్దుబాటూ ఉంటుంది, తేదీ ఉంటుంది. ఇక్కడే చాలామంది తల్లిదండ్రుల మనసు కలుక్కుమంటుంది. తప్పు అలాగే కనపడుతుంటే ఇంత శ్రమ పడి ఏం లాభమని అడుగుతారు. మచ్చ లేని కాగితం కావాలి వాళ్లకు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. బిడ్డ మొదటి కాగితం ముత్యంలా ఉండాలని ఏ తండ్రికి ఉండదు?

కానీ ఒక్కసారి ఆ రెండు కాగితాలూ కాన్సులేటు బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది శుభ్రంగా ఉంది, పాస్‌పోర్టుతో కలవడం లేదు. తేడా ఎందుకో అది చెప్పదు. రెండోదాని అంచున రాత ఉంది. తప్పు ఏమిటో, నిజమేమిటో, ఎప్పుడు తేలిందో, ఎవరు ఒప్పుకున్నారో అన్నీ అందులోనే ఉన్నాయి. అధికారికి వచ్చే ప్రతి ప్రశ్నకూ కాగితమే జవాబు చెబుతుంది. పాత కావ్యాలను పరిష్కరించే పండితుడు నచ్చని పాఠాన్ని పారేయకుండా పాఠాంతరంగా కింద ఇస్తాడు. ఆ కింది పంక్తి వల్లే పై పంక్తి మీద మనకు నమ్మకం కుదురుతుంది. అంచు రాత ఉన్న ధ్రువపత్రం అలాంటి పరిష్కృత ప్రతి. నా మటుకు మచ్చ లేని కాగితం కంటే దానికే ఎక్కువ విలువ.

మన దేశంలోనూ ఈ కాగితం విలువ పెరిగింది. 2023 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణ ప్రకారం, ఆ రోజున గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు బడిలో చేరడం, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, పెళ్లి నమోదు, ప్రభుత్వ ఉద్యోగం, పాస్‌పోర్టు లాంటివాటికి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే ఆధారం. పదో తరగతి సర్టిఫికెట్టే జాతకమైన తరం నుంచి, పుట్టిన రోజు కాగితమే జాతకమయ్యే తరానికి వచ్చాం. అందులో తండ్రి గడి సరిగ్గా ఉండాలన్న పట్టుదల ఇక ఎవరికీ విలాసం కాదు.

చోడవరం విఘ్నేశ్వరుడి గుడి మెట్ల దగ్గర నిలబడితే నాకు ఎప్పుడూ వ్యాసుడికి ఆయన రాయసం చేసిన కథ గుర్తొస్తుంది. ఆపకుండా చెబితేనే రాస్తానన్నాడు వినాయకుడు. అర్థం చేసుకోకుండా ఒక్క మాటా రాయకూడదన్నాడు వ్యాసుడు. రాసేవాడికి ఇంతకు మించిన నియమం నేనెరగను.

ఇంగ్లండులోని ఆ రిజిస్ట్రారు నాలుగో గడి నింపిన రోజున ఆ నియమం నెరవేరలేదు. మాట చెవిన పడింది, అర్థం పడలేదు. అప్పలనాయుడు అనేది ఒక కొండ మీద దేవుడి పేరు నుంచి వచ్చిన ఒకే మాట అనీ, ఇంటిపేరు దానికి ముందుంటుందనీ ఆ చెవికి తెలిసే దారి లేదు. తర్వాత ఇద్దరు వచ్చారు. తప్పు ఏ రకందో చెప్పారు, నిజమేమిటో చెప్పారు, ఆ రోజుల నాటి కాగితాలు చూపించారు. అప్పుడు రాసేవాళ్లకు అర్థమైంది. అర్థమయ్యాక రాసిన ఆ ఒక్క పంక్తి గడిలో లేదు, అంచులో ఉంది. తండ్రి ఇంటిపేరు ఇంటిపేరుగా, ఊరు చోడవరంగా, కింద ఒక సంతకం, ఒక తేదీ.